అవ్వకు వేసిన కంచె

యుద్ధం ముగిసిన కొత్త రోజులవి. చావంటే అప్పుడూ భయమే గానీ, ఇప్పటిలా దాని గురించి గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. బియ్యానికీ రేషనే, కిరసనాయిలుకీ రేషనే, ధారాళంగా దొరికేది చావొకటేనని మా చిన్నాయన అంటుండేవాడు. (ఆయన్ను అందరూ మిలిట్రీ చిన్నాయన అనేవాళ్ళు. పటాలంలో పనిచేసినందుకు కాదు, సంతలో కొన్న పాత ఖాకీ చొక్కాను ఒంటి మీంచి తీయకుండా తిరిగినందుకు.) నేనప్పుడు చిక్కపేటలో ఒక బట్టల అంగడిలో కొత్త గుమాస్తాను, కొత్త పెళ్ళికొడుకును కూడా. లోకంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. అలాంటి నన్ను ఆదివారాలు తెచ్చి ముళ్ళకంపలో పడేసినవాడు మా తాత.

తాత మంచం పట్టాడు. ఇక లేవడని వైద్యుడు చెప్పాడు, ఆ సంగతి తాతకూ తెలుసు. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, అవ్వ పక్కన పడుకోవాలని. మా వాళ్ళలో సొంత చేలోనే పూడ్చే వాడుక. చిక్కేమిటంటే, అవ్వ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నేను పుట్టకముందెప్పుడో ఊళ్ళోకి ప్లేగు వచ్చి, జనం ఇళ్ళు వదిలి బయట గుడిసెలు వేసుకున్నారు. మా వాళ్ళు వర్తూరు దగ్గరున్న మెట్టచేలో వేసుకున్నారు. అవ్వ అక్కడే పోయింది. చిన్నాయన అప్పటికి పాలు తాగే బిడ్డ. పూడ్చడానికి మనిషన్నవాడు రాలేదు. తాత ఒక్కడే గుంట తవ్వి, లోతు చాలక పైన రాళ్ళు పేర్చాడు. నక్కలు తోడేస్తాయని ఆయన భయం. తెల్ల సిపాయిలుండే దండులో ఒక దొర బంగళా చుట్టూ కంచెగా పెంచిన లంటానాను చూసి ఉన్నాడు. రంగురంగుల పూలు, మేక కూడా మూతి పెట్టని ఆకు, ఒళ్ళంతా ముళ్ళు. కొమ్మలు విరిచి తెచ్చి ఆ రాళ్ళ చుట్టూ నాటాడు. నక్కలు రాలేదు. కొన్నాళ్ళకు మనుషులూ వెళ్ళలేకపోయారు. నేను చూసేనాటికి చేనంతా నిలువెత్తు లంటానా. ఒకప్పుడు అక్కడ తంగేడూ బోదగడ్డీ ఉండేవట, పొదల్లో కంజుపిట్టలు గుడ్లు పెట్టేవట. ఇప్పుడు గడ్డిపోచ లేదు.

మొదటి ఆదివారం నేనూ చిన్నాయనా కొడవళ్ళు పట్టుకుని వెళ్ళాం. కోసి, తగలబెట్టి, యుద్ధం గెలిచినవాళ్ళలా ఇంటికొచ్చాం. మర్నాడు నా మొహం మీది గీతలు చూసి అంగడి యజమాని, "పెండ్లయి ఇంకా నెలన్నా కాలేదు గదప్పా, అప్పుడే ఇంత గలాటానా?" అన్నాడు. కంప గీరిందంటే ఒక్కడూ నమ్మలేదు. ఇంతలో ఒక వాన పడింది. కోసిన ప్రతి మొదలూ గుత్తులు గుత్తులుగా చిగిర్చింది. వేళ్ళతో సహా పెళ్ళగిస్తే తప్ప అది చావదని అప్పటికి మా బుర్రకెక్కింది. ఇంటికి రాగానే తాత మంచంలోంచి అడిగేవాడు.

"ఏమిరా, దొరికిందా మీ అవ్వ?"

"లేదు తాతా, ఇంకా శానా కంప ఉండాది."

"అట్లయితే నేనూ ఇంకా ఉంటాలే."

అన్నట్టే ఉన్నాడు. చివరిచూపుకని బంధువులు రావడం మొదలుపెట్టారు. చిన్నాయన వాళ్ళను ఏడవనిచ్చేవాడు కాదు. "సుమ్నే కూచోని ఏడిస్తే ఏమొస్తాది మామా? రెండు మొదళ్ళు పెరికి పోండప్పా" అని గడ్డపార చేతికిచ్చేవాడు. చివరిచూపు ఇంత కష్టమని తెలిశాక బంధువుల రాక తగ్గింది. ఆయన తొందరకు ఇంకో కారణం ఉంది. చేను బాగైతే రాగులు చల్లాలని ఆశ. గింజ దొరకని రోజులు, ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ. నేను తప్పు పట్టను.

చివరికి చేను బయటపడింది. అవ్వ బయటపడలేదు. చేనంతా ఎప్పుడో దున్నేటప్పుడు ఏరి పోసిన రాళ్ళకుప్పలే. తాతను ఎద్దులబండిలో పరుపు వేసి తీసుకెళ్ళాం. "ఇదే" అన్నాడు ఒక కుప్ప దగ్గర. "కాదు, అదిగో అది" అన్నాడు ఇంకోదాని దగ్గర. మేము బండిని తిప్పిందే తిప్పాం. పెళ్ళిచూపుల్లో కూడా తాత ఇన్నిసార్లు మనసు మార్చుకుని ఉండడని నేను నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాను.

"నక్కలకు దొరకగూడదని నాటితిని. నాకే దొరకకుండా చేసుకొంటి కదప్పా" అని తాత చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మాట్లాడింది చిన్నాయనే. "ఎట్లయినా ఈ చేల్లోనే ఉండాది కదా నాయనా. నువ్వు యాడ పండుకొన్నా ఆమె పక్కనే అవతాది."

"మరి నీ రాగులు?"

"దున్నితే అమ్మకు మడక తగుల్తాది. వద్దులే."

అమ్మ అన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

ఆ చలికాలంలోనే తాత పోయాడు. చేను నడుమ పూడ్చాం. కంచె వేయలేదు. ప్రతి వానకూ లంటానా మొలకలు లేస్తూనే ఉన్నాయి, మేము పీకుతూనే ఉన్నాం. చిన్నాయన బతికున్నంతకాలం రాగులు కొనుక్కునే తిన్నాడు, ఆ చేలో మాత్రం నాగలి పెట్టలేదు. ముందు గడ్డి వచ్చింది, తరవాత తంగేడు వచ్చింది, కంజులు ఎక్కడినుంచి వచ్చాయో అవీ వచ్చాయి.

ఇప్పుడు నాకు తాత కన్నా వయసెక్కువ. మొలకలు పీకడానికి ఇంకా వెళ్తాను, గట్టు మీదే చెప్పులు విడుస్తాను. మొన్న దిగిన ముల్లును పిన్నీసుతో తీస్తూ మనవరాలు, "అదేమన్నా గుడా తాతా, చెప్పులు విడిచేదానికి?" అని కసిరింది. ఎక్కడ అడుగేస్తే అవ్వ మీద వేసినట్టవుతుందో తెలియదు కదమ్మా అన్నాను. మొహమైనా చూడని మనిషికి నొప్పి పుడుతుందేమోనని, ముళ్ళలో ముసలికాళ్ళతో మెల్లమెల్లగా నడిచే నన్ను తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. చెప్పులు మాత్రం వేసుకోలేను.