ఇటలీ ఇల్లాలికి అవ్వ పెట్టిన బొట్టు

మొన్న మా మనవరాలు కొత్త రంగుల పెట్టె మూత తీయగానే అవిసె నూనె వాసన గుప్పుమంది. యాభై ఏళ్ల కిందటి ఉదయగిరి ఇల్లు, అందులో నేను పడ్డ తంటాలు ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. కరువు తీరి వానలు పడ్డ ఏడాది. ఆత్మకూరు బంగళాలో ఒక ముసలి దొరసాని నాకు నూనె రంగులు నేర్పేది. నేర్పడమంటే, నాలుగు వందల ఏళ్లనాటి ఇటలీ చిత్రకారుడెవరో వేసిన ఒక ఇల్లాలి పటాన్ని నా చేతిలో పెట్టి, అచ్చం అలాగే వేసి తెమ్మనడమే. నల్లబట్టల ఆ మహాతల్లి నన్ను ఎనిమిది నెలలు ఏడిపించింది. ముక్కు కుదిరితే మూతి వంకర, మూతి కుదిరితే చూపు మెల్ల. ఈ ముఖం కుదిరేదాకా బతికున్న మనిషి జోలికి పోకూడదని దొరసాని ఆంక్ష. ఇంతలో ఆమె సొంత దేశం ఇంగ్లండు సీమకు ప్రయాణం కట్టింది. నకలు నచ్చితే తన రంగులు, కుంచెలు నాకే ఇచ్చిపోతానంది. నచ్చకపోతే నాకిక నాగలే గతి.

నేను ఆత్మకూరు బయలుదేరే ముందురోజు ఇంట్లో పటం నుదుటిమీద చివరి పూత వేస్తుంటే మా అవ్వ వచ్చి నిలబడింది.

"ఏందిరా, లక్షణమైన మనిషికి బోసి నుదురు పెట్టినావు?"

"వాళ్ల దేశంలో బొట్టు పెట్టుకోరవ్వా."

"పెట్టేవాళ్లు లేకే ఆ ముఖం అట్టా ఉండాది."

నేను నవ్వి పూత ముగించాను. తెల్లవారి పటాన్ని చెక్కపెట్టెలో సర్ది మూత వేసింది కూడా అవ్వే. బండిలో ఆత్మకూరు చేరి, దొరసాని ముందు మూత తీశాను. ఇటలీ ఇల్లాలి నుదుట రూపాయంత కుంకుమబొట్టు! పచ్చి నూనెలో చక్కగా అతుక్కుపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గుడ్డతో తుడవబోతే దొరసాని నా చేయి పట్టుకుంది.

"ఎవరు పెట్టారు?"

"మా అవ్వండీ. బోసి నుదురు చూసి ఓర్చుకోలేకపోయినాది."

దొరసాని పటాన్ని వెలుతురుకు తిప్పి చూసింది.

"తుడవవద్దు. మీ అవ్వ దీన్ని పటము అనుకోలేదు, మనిషి అనుకున్నది. ముందు ఆమె ముఖమే వ్రాయుము" అని రంగుల పెట్టె నా వైపు జరిపింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అక్కడే ఏడ్చేశాను.

అవ్వను మూడు పగళ్లు కూర్చోబెట్టి వేశాను. కూర్చున్నంతసేపూ నన్ను తిడుతూనే ఉంది. ఆ తిట్టే చూపే పటంలో కుదిరింది. అందులో ఆమెకు అరవై. నాకిప్పుడు డెబ్బై. చూస్తుండగానే అవ్వకంటే పెద్దవాణ్ణయిపోయాను గానీ, ఆ చూపు ముందు నిలబడితే ఇంకా తిట్లు తినే వయసే నాది.