లెగరా ఢిల్లీ, నాటకాలు చాలు!

కాలు విరిగి నేలమీద పడున్న మనిషిని "లెగరా, నాటకాలు చాలు!" అని వేలమంది మధ్యలో నిలబడి తిట్టిన మహాతల్లిని నేనే. ఎముకల గురించి ఏమీ తెలియనిదాన్నయితే సర్దుకోవచ్చు. నేను ఎక్స్‌రే టెక్నీషియన్ని. విరిగిందో లేదో తేల్చే ఫిల్ము తియ్యడానికే నాకు జీతమిస్తారు. ఆ ఒక్క అరుపు నన్ను ఎక్కడిదాకా ఈడ్చుకుపోయిందో చెబుతాను. మధ్యలో నామీద జాలిపడకండి, వేస్టు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ఇల్లు టాటావారి ఉక్కు ఊళ్లో బారిడీహ్ పేటలో, ఉద్యోగం అదే ఊళ్లో సోనారిలోని ఓ చిన్న నర్సింగ్ హోమ్‌లో. నాన్న టాటానగర్‌లో గూడ్సు బండ్ల గార్డు. ఆయన దగ్గర్నుంచి నాకు సంక్రమించినవి రెండు: ఫుట్‌బాల్ పిచ్చి, గూడ్సు బండి హారన్ లాంటి గొంతు. మన టౌన్ జట్టు ఆట ఉందంటే ఇద్దరం స్కూటరెక్కి స్టేడియంలో వాలిపోయేవాళ్లం.

ఆ ఏడాది ఊరందరి ఆశా ఢిల్లీ మీదే. పూర్తి పేరు ఢిల్లీశ్వరరావు. శ్రీకాకుళం వైపు వాళ్లలో వీధికొక ఢిల్లీ ఉంటాడు కాబట్టి మీరు ఆశ్చర్యపోనక్కర్లేదు. రైల్వే క్వార్టర్లలో పెరిగిన ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు, మన తెలుగువాడు. మొదటి మూడు ఆటల్లో నాలుగు గోల్స్ కొట్టేసరికి దేవుణ్ని చేసి కూర్చోబెట్టాం. తర్వాత ఐదు ఆటల్లో ఒక్కటీ కొట్టకపోయేసరికి గుళ్లోంచి చెయ్యి పట్టుకుని బయటికి లాగేశాం. అభిమానులు మగపెళ్లివారి లాంటివాళ్లండీ. వడ్డిస్తున్నంతసేపూ ఆహా ఓహో, అప్పడం ఒక్కటి ఆలస్యమైతే అలక. పైగా పెనాల్టీ కోసం ఊరికే పడిపోతున్నాడని పేరొకటి. ఫామ్ పోయినవాడు ఏం చేసినా తప్పే కదా!

తొమ్మిదో ఆట. ఇంకో ఇరవై నిమిషాలుందనగా అవతలి జట్టువాడు అడ్డంగా కాలు పెట్టాడు. ఢిల్లీ పడ్డాడు. పిక్క పట్టుకుని దొర్లుతున్నాడు.

"పాపం, గట్టిగా తగిలినట్టున్నాదే" అన్నాడు నాన్న.

"నీకు తెలీదు నాన్నా. డైవింగ్. కావాలని పడ్డాడు."

"ఇక్కణ్నుంచి నీకు కనిపించేసినాదేటి?"

"రోజుకి నలభై కాళ్లు చూస్తాను. అది విరిగిన కాలు కాదు."

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? కుర్చీ ఎక్కాను. సరిగ్గా అప్పుడే, ఏం జరుగుతుందోనని జనమంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో నా గొంతొక్కటే లేచింది.

"లెగరా ఢిల్లీ! నాటకాలు చాలు! మీ అమ్మ సూత్తే సిగ్గుతో సచ్చిపోద్ది!"

అతను తలెత్తి మా వైపు చూశాడు. పళ్లు బిగించి లేచాడు. కుంటుకుంటూ ఆడాడు.

"చూశావా నాన్నా? నా మాటే మందు!"

నాన్న తల పట్టుకున్నాడు. నేను మాత్రం ఆట అయ్యేదాకా ఆ మందు పోస్తూనే ఉన్నాను.

తెల్లారేసరికి నా గొంతు పోయింది. బొంగురు కూడా కాదు, పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే పంక్చరైన టైరులా గాలి తప్ప ఏమీ రాదు. అలాగే డ్యూటీకి వెళ్లాను. పదకొండింటికి తలుపు తీసుకుని ఒకావిడ వచ్చింది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసుకుని, ఒంటికాలి మీద గెంతుతూ ఢిల్లీ!

నాకు గొంతు తర్వాత గుండె కూడా పోయినట్టయింది.

"మా అబ్బాయమ్మా. రేత్తిరికి కాలు గుమ్మడికాయ అయిపోనాది. కాస్త జాగర్తగా తియ్యు తల్లీ" అంది ఆవిడ. పేరు పార్వతమ్మ.

నేను బల్ల చూపించాను. కాలు ఎలా పెట్టాలో చేత్తో చూపించాను. కదలొద్దని వేలూపాను. పార్వతమ్మ నన్నే చూస్తూ ముక్కు మీద వేలేసుకుంది.

"అయ్యో, మాట రాదేటి తల్లీ? ఇంత సక్కని పిల్లకి ఏటి కట్టం పెట్టాడు దేవుడు!"

గొంతు చూపించి చేతులూపాను. అరిచి పోయిందని చెబుదామనుకున్నాను. ఎవరిమీద అరిచానో ఏ సైగతో చెప్పను?

అంతలో ఢిల్లీ వాళ్లమ్మతో అన్నాడు: "పడగానే లేవకుండా ఉంటే ఇంత వాచేది కాదట అమ్మా. డాక్టర్ బోలా."

"మరెందుకు లెగిసినావురా?"

"జనమంతా రోజూ హిందీలో తిడతారు. ఆదత్ హో గయీ, అలవాటైపోయింది. కానీ నిన్న ఎవరో మన భాషలో తిట్టారమ్మా. అచ్చం నీ యాసే. మీ అమ్మ చూస్తే సిగ్గుపడుద్ది అన్నారు. పడుకోలేకపోయాను."

పార్వతమ్మ ముఖం ఎర్రబడింది. "ఎవులో గానీ, దాని నోట్లో మన్నుపడ! నా కొడుకుని సూసి నేనెందుకు సిగ్గుపడతాన్రా? ఢిల్లీకి రాజైనా తల్లికి కొడుకే అంటారు. ఢిల్లీయే నా కొడుకు!"

తెరమీద ఎక్స్‌రే వచ్చింది. పిక్క పక్కనుండే సన్నటి ఎముక మీద వెంట్రుకలాంటి గీత. రోజుకి నలభై కాళ్లు చూసే నా కళ్లకి ఆ గీత కంటే ముందు నీళ్లు కనబడ్డాయి.

"ఇరిగిపోనాదా?" అంది పార్వతమ్మ. నేను ముక్కు ఎగబీల్చాను. "ఊరుకో తల్లీ, నువ్వేడుత్తావేటి! ఆడికేం కాదు" అని ఆవిడే నా వీపు నిమిరింది. ఆ చెయ్యి పడ్డ చోట నాకు వాత పెట్టినట్టుంది.

మూడో రోజుకల్లా నా గొంతు ఇంట్లో మోగుతోంది. అదే రోజు మధ్యాహ్నం పార్వతమ్మ టాటానగర్ నుంచి ఆటోలో, గొంతుకి మందని స్టీలు ఫ్లాస్కు నిండా మిరియాల చారు పట్టుకుని వచ్చింది.

"మాటొచ్చినాదా తల్లీ?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి ముహూర్తం లేదు. నేను తల అడ్డంగా ఊపాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆవిడ వారానికోసారి రావడం, చారు తాగించడం, నేను సైగలు చెయ్యడం. ఆవిడొచ్చిన ప్రతిసారీ రిసెప్షన్ అమ్మాయి నన్ను పట్టివ్వకుండా ఉండేందుకు రెండు సమోసాలు లంచం. ఆరు వారాలకి సిమెంటు కట్టు విప్పాక మళ్లీ ఎక్స్‌రే తీశాను. ఎముక అతుక్కుంది. నా పరిస్థితి విన్న నాన్న మాత్రం పళ్లెం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్వాడు.

"నీ నోరు మూయించడం మీ అమ్మ వల్ల కానేదు, నా వల్ల కానేదు. ఆ తల్లెవులో గానీ దణ్నం పెట్టాల. ఎల్లి నిజం సెప్పీయే."

"తిడుతుంది నాన్నా."

"తిట్టనీ. నువ్వు తిట్టనేదేటి?"

చెబుదామనే అనుకున్నాను. అంతలో పార్వతమ్మ రెండు టికెట్లతో వచ్చింది. "మూడు నెలల తర్వాత ఆడతన్నాడమ్మా. నాకు సూడాలంటే బయ్యం. నా పక్కన కూకో. నీ గొంతొత్తే పైడితల్లి అమ్మోరికి నెత్తిన ఘటం ఎత్తుతానని మొక్కుకున్నాను కూడాను" అంది. ఇక ఏం చెబుతాను!

ఆ సాయంత్రం ఆటగాళ్ల ఇంటివాళ్లు కూర్చునే చోట, నా చెయ్యి ఆవిడ చేతిలో. బంతి ఢిల్లీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవిడ కళ్లు మూసుకునేది, వెళ్లిపోయాక నన్ను గిల్లి "ఉన్నాడా, పడ్డాడా?" అని అడిగేది. నేను పెదవులు కొరుక్కుంటూ బొటనవేలు పైకెత్తేదాన్ని. గంటసేపు నోరు మూసుకుని ఆట చూశాను. అంతకంటే నాలుగు ప్రసవాలు తేలిక అనిపించింది.

గంట దాటాక ఢిల్లీ బంతి తీసుకుని గోల్ ముందుకి దూసుకొచ్చాడు. అవతలివాడు అడ్డొచ్చాడు. ఢిల్లీ గాల్లోకి లేచి దభీమని పడ్డాడు. పిక్క పట్టుకున్నాడు. అదే కాలు!

నాకు తెలియకుండానే కుర్చీ ఎక్కేశాను.

"ఒరే రిఫరీ! కళ్లు నెత్తికెక్కాయేట్రా! పిల్లోడి కాలు ఇరగ్గొట్టీసినారు! కార్డు తియ్యరా కార్డు!"

పక్కన పార్వతమ్మ కళ్లు తెరిచింది. "అమ్మా పైడితల్లీ! మాటొచ్చినాదీ!" అని నన్ను నడుం దగ్గర వాటేసుకుని ఏడ్చేసింది. కింద గడ్డి మీద ఢిల్లీ తలెత్తి మా వైపు చూశాడు. రిఫరీ నా మాట విన్నాడు, కార్డు తీశాడు. పసుపుది. ఢిల్లీకే చూపించాడు.

ఆట డ్రా అయింది. బయట గేటు దగ్గర ముగ్గురం నిలబడ్డాం. ఢిల్లీ నన్నే చూస్తున్నాడు. "దీదీ, ఆ రోజు..." అని ఆగిపోయాడు.

ఇంక దాచలేదు. కుర్చీ ఎక్కింది, అరిచింది, మూడో రోజుకే గొంతొచ్చింది, అన్నీ చెప్పేశాను. పార్వతమ్మ కొంగు నడుముకి దోపింది. పక్కనుంచి జనం పోతున్నారు, ఆటోలవాళ్లు "సాక్చీ, సాక్చీ" అని పిలుస్తున్నారు.

"నా చారు?" అంది చివరికి.

"చాలా బాగుండేదమ్మా."

నా వీపు మీద ఒక్కటి చరిచింది. చరిచిన చెయ్యి అక్కడే ఉంచింది. "నా కొడుకుని తిట్టినావు. నా కొడుకు కోసం ఆ రిఫరీనీ తిట్టినావు. సెల్లుకి సెల్లు. ఘటం మాత్రం నువ్వే ఎత్తాల."

నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు తుడుచుకుని ఢిల్లీని అడిగాను: "కాలు ఎలా ఉంది? గట్టిగా తగిలిందా? రేపొద్దున వచ్చెయ్, ఫిల్ము తీస్తాను."

ఢిల్లీ బుర్ర గోక్కున్నాడు. "సచ్ బోలూఁ, దీదీ? ఇవాళ ఎవడూ తగల్లేదు. నేనే పడ్డాను."

పార్వతమ్మ కొడుకు వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఇరిగిన నాడు నాటకమన్నావు. నాటకమాడిన నాడు ఇరిగిపోనాదన్నావు. నిన్ను ఆ మిషను కాడ కూకోబెట్టినోడెవులు తల్లీ?"

ఆ మర్నాడే, ఎక్స్‌రే గదిలో వేసుకునే సీసపు ఏప్రన్ మీద కుడి చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట మైదానంలో ఎవరు పడ్డా, రెండు వైపుల నుంచీ ఫిల్ము తీసి, డాక్టరు సంతకంతో రిపోర్టు నా చేతికొచ్చేదాకా నోరు మెదపను. రిఫరీలు ఈ ప్రమాణంలోకి రారు.