రెండో ఆదివారం మా టీవీ ఎక్కడికి పోయేది

మా పెళ్లైన కొత్తలో, అంటే సూర్యాపేట ఇంకా జిల్లా కాకముందు, మా వీధి మొత్తానికి సెల్‌ఫోన్ ఉన్న ఇళ్లు రెండో మూడో. బయటికి పోయిన మొగుడు ఎక్కడున్నాడో కనుక్కునే దారి లేదు, గడపలో కూర్చుని ఊహించుకోవడమే. ఏడో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, ఊహించుకోవడంలో నేను ఎవరికీ తీసిపోయేదాన్ని కాదు. కుక్కర్‌లో పప్పు పెట్టి ఒక అనుమానం మొదలుపెడితే, మూడో విజిల్‌కు దానికి కాళ్లూ చేతులూ వచ్చేవి, నాలుగో విజిల్‌కు పేరు కూడా పెట్టేసేదాన్ని. (ఆ పేర్లన్నీ ఇప్పటికీ గుర్తున్నాయి. ఎక్కువసార్లు వచ్చిన పేరు సరోజ.)

మా ఆయన ఎరువుల దుకాణంలో గుమస్తా. తాగడు, పేకాడడు, గట్టిగా మాట్లాడడు. అదే నా బాధ. ఏ వంకా లేని మనిషిలో ఎక్కడో ఏదో ఉండి తీరాలి కదా! నాలుగో నెలలో అది దొరికింది. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున్నే, మా అమ్మవాళ్లు ఇచ్చిన చిన్న కలర్ టీవీని దుప్పట్లో మూటగట్టి భుజాన పెట్టుకుని బస్టాండుకు పోయేవాడు. "యాడికి?" అంటే "రిపేరుకు" అనేవాడు. దీపాలు పెట్టే వేళకు మళ్లీ తెచ్చేవాడు. తీరా పెట్టి చూస్తే ఒకటో నంబరు ఛానెల్‌లో బొమ్మ ఉండేది కాదు, చీమలు పారినట్టు తెల్లచుక్కలే. "మంచిగున్నదాన్ని తీస్కపోయి ఖరాబు చేసి తెస్తున్నవ్, గిదేం రిపేరయ్యా?" అని నిలదీస్తే, "జర ట్యూనింగ్ తప్పింది, గంతే" అని చెంబు తీసుకుని పెరట్లోకి పోయేవాడు.

ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. ఎప్పుడు చూసినా కిటికీలోనే కనబడేది కాబట్టి వీధంతా ఆమెను కిటికీ పెద్దమ్మ అనేది. ఒకరోజు ఉతకడానికి మా ఆయన చొక్కా జేబు తడిమితే ఒక పాటల క్యాసెట్టు, రెండు బస్సు టికెట్లు దొరికాయి. తీసుకుని పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె టేప్‌రికార్డర్‌లో క్యాసెట్టు వేస్తే పాట లేదు, మాట లేదు. ఇనుపరేకును బండకేసి గీసినట్టు కీచుమని ఒకటే అరుపు. "బంజెయ్ బిడ్డా, బంజెయ్! మందు పెట్టే టేపు లెక్కున్నది" అని పెద్దమ్మ చెవులు మూసుకుంది. తర్వాత టికెట్లను వెలుగుకు పట్టి చూసింది. ఆమె తమ్ముడు బస్సు కండక్టరు, అందుకని టికెట్టు చూసి ఊరు చెప్పడం ఆమెకు వచ్చు. "కోదాడ. రెండూ ఒక్క బస్సుల కొట్టినయే. అంటే మీ ఆయన ఒక్కడు పోలేదు పిల్లా, పక్కన ఇంకోతి కూసున్నది" అంది.

మరుసటి నెల టికెట్లు కూడా రెండే, కాకపోతే ఈసారి మిర్యాలగూడవి. పెద్దమ్మ వేళ్లు మడిచి లెక్క తేల్చింది: "ఒక నెల కోదాడ, ఒక నెల మిర్యాలగూడ. అయితే సరోజ ఒక్కతి గాదు, ఇద్దరు. నీ టీవీ ఇద్దరిండ్లల్ల తిరుగుతున్నది." ఆ నెలరోజులూ నేను అన్నం సరిగ్గా తినలేదు. ఎనిమిది నెలల కాపురం. ఆయనకు ఇంకో ఇల్లుందని తేలితే పెట్టె సర్దుకుని తుంగతుర్తిలో మా అమ్మ దగ్గరికి పోవడమేనని గట్టిగా అనుకున్నాను. పెట్టెలో రెండు చీరలు కూడా పెట్టాను.

రెండో ఆదివారం ఆయన టీవీతో బస్సెక్కాడు. వెనక బస్సులో నేనూ పెద్దమ్మా ఎక్కాం. (పెద్దమ్మ డబ్బా నిండా సకినాలు తెచ్చుకుంది. నా సంసారం కూలిపోతుంటే ఆమె జాతరకు పోయినట్టు తయారైంది.) కోదాడలో దిగాక ఎవరిని అడగాలో తెలియలేదు. అయినా టీవీ మోసుకుపోయే మనిషిని వెతకడం ఏమంత కష్టం? మొదటి ఆటోవాడే నవ్వాడు. "టీవీ ఆయనా? నెల మార్చి నెల వస్తాడుగా. పొద్దున నేనే దింపాను, సినిమా హాలు వెనక సందులో మేడమీద వాటా. ఆ ఇంటి మేడంగారు మంచిదండీ, నాకు కూడా టీ ఇస్తది." పెద్దమ్మ నా మోచేయి గిల్లింది. "ఇన్నవా, మేడం!"

ఏం తిట్టాలో బస్సులో మూడుసార్లు చెప్పుకుని వచ్చాను, మెట్లు ఎక్కుతుంటే మొదటి మాటే మరిచిపోయాను. తలుపు తీసినావిడకు అరవై ఏళ్లు ఉంటాయి. మోకాళ్లకు నూనె రాసుకుని, చీర కాస్త పైకి దోపుకుని, చేతిలో వంకాయతో నిలబడింది. సరోజ ఇలా ఉంటుందని నేను ఏ విజిల్‌కూ అనుకోలేదు.

"టీవీ కోసం వచ్చావా అమ్మా?" అంది.

"టీవీ కోసం గాదు, దాన్ని తెచ్చినాయన కోసం."

"రెండూ తీసుకుపో తల్లీ, నీకు పుణ్యం ఉంటది" అని పక్కకు జరిగింది.

లోపల బల్లమీద మా టీవీ ఉంది. దాని ముందు మీటలున్న బూడిదరంగు పలక, పక్కన ఆ కీచు అరుపే అరుస్తున్న టేప్‌రికార్డర్. చుట్టూ ముగ్గురు మగవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆడదన్నది లేదు. మా ఆయన నన్ను చూశాడు. చూసి కూడా లేవకుండా, వేలు పెదవుల మీద పెట్టుకుని "ష్ష్" అన్నాడు. ఎనిమిది నెలల్లో ఆయన నన్ను నోరు మూసుకోమనడం అదే మొదలు. పోయి గోడకున్న ప్లగ్గు పీకేశాను.

"అయ్యో!" అని మూడు గొంతులు ఒక్కసారే అరిచాయి. వాళ్లలో ఒకాయన మిర్యాలగూడ రైసుమిల్లు మేస్త్రీ. ఆయనైతే తల పట్టుకున్నాడు. "చెల్లే, పొద్దటిసంది తొమ్మిదోసారి! గిప్పుడే ఎక్కుతుండె, గిప్పుడే!"

అప్పుడు సంగతి తెలిసింది. ఆ బూడిద పలక పాతకాలపు ఇంటి కంప్యూటరు. దానికి తెర ఉండదు, టీవీకి తగిలించాలి. అందులో ఆడే ఆటలు క్యాసెట్లలో ఉంటాయి, ఆ కీచు అరుపంతా ఆట లోపలికి ఎక్కే చప్పుడు. మధ్యలో బల్ల కదిలినా మళ్లీ మొదటికే. ఆ ఇల్లు రిటైరైన ఒక సారుది, తలుపు తీసినావిడ ఆయన భార్య. మా ఆయన తొమ్మిదో తరగతిలో ఉండగా సారు బడికి ఇలాంటిది ఒకటి వచ్చిందట, పిల్లలు వరుసలో పోయి ఒక్కొక్కరు ఒక్క మీట నొక్కాలి. మా ఆయన వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. బడి దాన్ని పాత సామానులో పారేస్తే సారు తెచ్చి బాగుచేసుకున్నాడు. తర్వాత ముగ్గురూ కలిసి క్లబ్బు పెట్టుకున్నారు, ఒక నెల సారింట్లో, ఒక నెల మేస్త్రీ ఇంట్లో. ట్యూనింగ్ చెడుతోందని ఆ రెండిళ్ల ఆడవాళ్లూ టీవీ ముట్టనివ్వరు. అందుకని కొత్తగా పెళ్లైనవాడు టీవీ తేవాలని క్లబ్బులో నియమం. (కొత్త పెళ్లాం ఇంకా వద్దనడం నేర్చుకుని ఉండదని సారు లెక్క.)

"మరి రెండు టికెట్లు?" అన్నాను.

"టీవీకొకటి. కండక్టర్ లగేజీ కొడ్తడు గదనే."

"గీ ముచ్చట నాకు చెప్తే ఏమైతుండె?"

మా ఆయన ప్లగ్గు వైపు చూస్తూ అన్నాడు: "నవ్వుతవని."

మళ్లీ ప్లగ్గు పెట్టారు. పదోసారి. ఈసారి నన్నూ పెద్దమ్మనూ గోడకు ఆనించి కూర్చోబెట్టి కదలొద్దన్నారు. పెద్దమ్మ నోట్లో సకినం కొరికితే చప్పుడైతదని దాన్ని అట్లాగే నానబెట్టుకుంది. అరుపు ఆగింది. నల్లటి తెర మీద ఒక తెల్లచుక్క ఇటునుంచి అటు పోయింది, గోడకు తగిలి అటునుంచి ఇటు వచ్చింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

"ఇంకా?" అన్నాను.

"ఇగ గంతే" అన్నాడు మా ఆయన, ఎంతో సంబరంగా.

నెలరోజుల ఏడుపు ఎక్కడ దాక్కుందో గానీ, నవ్వై బయటికి వచ్చింది. కడుపు పట్టుకుని, గోడ పట్టుకుని నవ్వాను. కళ్లు తుడుచుకుని చూస్తే ఆయన మొహం చిన్నబోయి ఉంది, వరుసలో నిలబడి తన వంతు రాని తొమ్మిదో తరగతి పిల్లాడిలాగే. నవ్వు ఆపేశాను. పోయి పక్కన కూర్చుని, "ఏ మీట నొక్కాలె, చూపియ్యి" అన్నాను. ఆ సాయంత్రం మిల్లు మేస్త్రీని రెండుసార్లు ఓడించాను. (చుక్క ఎప్పుడు ఎటు వస్తుందో ఒకసారి చూస్తే నాకు గుర్తుండిపోతుంది.)

తిరుగుబస్సులో టీవీ ఆయన ఒళ్లో, నేను పక్కన. వెనక సీటులోంచి పెద్దమ్మ నా చెవిలో, "ఎందుకైనా మంచిది, మిర్యాలగూడ ఇల్లు గుడ సూసొద్దాం బిడ్డా. గంత చుక్క కోసం ఎవడన్న గింత దూరం వస్తడా?" అంది.

ఆ పలక తర్వాత నాలుగేళ్లకు పూర్తిగా పాడైంది, క్లబ్బూ ఆగింది. ఇప్పుడు ఆయన ఎక్కడికి పోయినా ఫోన్ చేసి చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. నేను సగం విని "సరే" అంటాను. అప్పుడప్పుడు మాత్రం, కోదాడ సందులో చెమటలు కక్కుతూ, తిట్లు మరిచిపోతూ నడిచిన ఆ పిల్ల కళ్లముందు కనబడుతుంది. ఎదురుపోయి, "లోపల ఎవ్వరూ లేరే పిచ్చిదానా" అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెబితే మెట్లెక్కకుండానే వెనక్కి పోతుంది. అందుకే చెప్పను, నవ్వుకుని పప్పు దించుకుంటాను.