వెదురుగడ అడ్డం పెట్టిన దారి

మూడు నెలలుగా అమ్మ ఎడమ కాలు నేల మీద మోపలేదు. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఎముక అతుక్కుంది, ఇంకా నడవకపోతే మంచానికే అంకితమైపోతారని కొరాపుట్‌లో డాక్టరు గట్టిగానే చెప్పాడు. అమ్మకి మాత్రం ఆ కాలి మీద నమ్మకం పోయింది. వాకర్ ముందు పెడితే చాలు, గజగజ వణికేది. నాకు అసలే ఓపిక తక్కువ. బతిమాలేదాన్ని, కసిరేదాన్ని, చివరికి ఇద్దరం ఏడ్చేవాళ్ళం.

చైత్రమాసంలో ఒక ఉదయం సెమిలిగుడ నుంచి డాక్టరు దగ్గరికి కారులో బయలుదేరాం. ఊరు దాటగానే రోడ్డుకి అడ్డంగా వెదురుగడ. చైత పరబ్ రోజులవి. ఆ పండక్కి ఇక్కడి పల్లెల ఆడవాళ్ళు దారి కాసి, వచ్చేపోయేవాళ్ళని ఆపుతారు. పైసలైనా ఇవ్వాలి, వాళ్ళతో థింసా ఆటలో నాలుగు అడుగులైనా వేయాలి. ఫ్యాక్టరీ కాలనీలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, నేనెప్పుడూ కారు అద్దం కాస్త దించి నోటు అందించి పోయే రకమే. ఆరోజూ అదే చేశాను.

నోటు తీసుకున్నావిడ వెనక సీట్లో అమ్మని చూసి దిగమంది. కాలు విరిగిందని, సంతల్లో నేర్చిన ఇక్కడి దేశియా భాషలో అమ్మ చెప్పుకుంది.

"ఒకటే కదా విరిగింది, రెండోదానికేం రోగం?" అని ఆవిడ దేశియాలోనే అనేసరికి అందరూ గొల్లుమన్నారు. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

"పడిపోతావే అమ్మా, ఒద్దు!" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఈలోగా ఇద్దరు అమ్మని కారులోంచి దింపి, చెరోపక్కా ఆనుకుని వరుసలో కలిపేసుకున్నారు. థింసాలో ఎవరి చేతులూ వాళ్ళ దగ్గర ఉండవు. పక్కమనిషి వీపు వెనకనుంచి వెళ్ళి అవతలివాళ్ళ చేతిని పట్టుకుంటాయి. పడదామన్నా పడే వీల్లేదు. డోలు మోగింది. అమ్మకన్నా పెద్దది, ముక్కుకి మూడు నత్తుల ముసలమ్మ, ముందుండి వరుసనంతా వంచి తిప్పింది. వెనక లారీలు ఆగిపోయాయి. ఒక్కరూ హారను కొట్టలేదు. పైగా ఒక డ్రైవరు దిగి, తువ్వాలు ఊపుతూ గెంతులు మొదలుపెట్టాడు. రోడ్డు వారన ఎర్రమట్టి లేచింది. ఒక్క చోట అంత ప్రాణం ఉంటుందని నాకు తెలీదు.

అప్పుడు చూశాను. అమ్మ ఎడమ పాదం నేలని తాకింది. వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చి గట్టిగా ఆనింది.

సీటు బెల్టు కూడా తియ్యకుండా, స్టీరింగు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

చెదిరిన కొప్పుతో, చెమటతో అమ్మ వచ్చి కూర్చుంది. ఆయాసం తీరేదాకా ఆగి, నా భుజం మీద తట్టింది.

"కాలిరిగింది నాకు గదా. నువ్వేటమ్మీ, దిగనేదు?"