మూలం దొరకని వాక్యం

దయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే, చూసిందెవరు, ఎప్పుడు చూశారు అని అడిగి ఎదుటివాళ్ళని విసిగించే మనిషిని నేను. ఆ బుద్ధి ఇప్పటికీ మారలేదు. అయినా రెండేళ్ళ కిందట జరిగిన ఈ సంగతికి నా దగ్గర జవాబు లేదు.

నేను చిలకలూరిపేటలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వానికి మా పిల్లలచేత వ్యాసాలు రాయిస్తుంటాను. ఆ ఏడు భార్గవి అనే రెండో సంవత్సరం అమ్మాయి, మన ప్రాంతంలో తేలకుండా పోయిన కేసుల మీద రాస్తానంది. సరే అన్నాను.

మొదటి ప్రతి దిద్దుతుంటే మూడో కేసు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అది మా పద్మక్క కేసు.

భార్గవికి ఆ సంగతి తెలియదు. పెళ్ళయ్యాక నా ఇంటిపేరు మారింది. అక్క గురించి కాలేజీలో నేనెవరికీ చెప్పలేదు.

అక్క స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేది. పంతొమ్మిదేళ్ళు. ఒక ఆదివారం మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకని ఇంట్లోంచి బయల్దేరింది. హైవే మీద ఆగే మిల్లు వ్యాను దగ్గరికి చేరలేదు. పోలీసులు వెతికారు. నాన్న పత్తి చేను వదిలేసి ఊళ్ళు పట్టుకు తిరిగాడు. కొన్నేళ్ళకి ఆచూకీ లేదని కేసు మూసేశారు. అక్క వెళ్ళిననాటికి నాకు పద్నాలుగేళ్ళు.

అక్కని భార్గవి "పాపం, కాలం కాటేసిన పసిమొగ్గ" అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

"జాలిపడటం చదివేవాళ్ళ పనమ్మా. నువ్వు జరిగింది రాయి చాలు. ప్రతి వాక్యానికీ మూలం చూపించు" అన్నాను. పసిమొగ్గ ఉన్నచోట 'మిల్లు కార్మికురాలు, వయసు పంతొమ్మిది' అని నా చేత్తోనే రాశాను.

పది రోజులకి రెండో ప్రతి తెచ్చింది. చక్కగా ఉంది. ప్రతి వాక్యం చివరా అంకె, కింద పత్రిక పేరు, తేదీ, పేజీ. అక్క కేసులో రెండు వాక్యాలు కొత్తగా చేరాయి. బయలుదేరేటప్పుడు ఆమె తన చెల్లెలి నీలం చెప్పులు వేసుకుంది. చెల్లెలు పలకకపోవడంతో గేటు దగ్గర కొంతసేపు నిలబడి వెళ్ళింది.

చెప్పుల సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు అక్క చెప్పు తెగింది. "నీయి వేసుకెళ్తన్నానే, రాత్రికి ఇచ్చేస్తాలే" అంది. నేను స్నేహితురాలింటికి వెళ్ళాల్సి ఉంది. కోపంతో గోడవైపు తిరిగి పడుకున్నాను. తరవాత పోలీసులు అడిగితే, తన నల్లచెప్పులే వేసుకెళ్ళిందని చెప్పాను. అక్క మీద అలిగి పలకలేదని బయటపడుతుందన్న భయం. తెగిన నల్లచెప్పులు పొయ్యిలో వేసేశాను.

గేటు దగ్గర నిలబడిన సంగతి మాత్రం నాకూ తెలియదు.

ఆ మధ్యాహ్నమే భార్గవిని తీసుకుని లైబ్రరీకి వెళ్ళాను. పాత పేపర్ల కట్ట దించి, తను చూపించిన పేజీ తీశాం. వార్త ఉంది. నాలుగు లైన్లు. చెప్పుల మాటే లేదు. గేటు మాటా లేదు. అటూ ఇటూ వారం రోజుల పేపర్లు తిరగేశాం, ఎక్కడా లేదు.

"ఇందులోనే చదివాను మేడం. ఇక్కడే కూర్చుని రాసుకున్నాను" అంటూ నోటుబుక్కు తీసింది. వార్త మొత్తం పెన్సిలుతో ఎత్తి రాసుకుంది. నాలుగు లైన్లూ పొల్లు పోకుండా ఉన్నాయి. వాటి మధ్యలో ఆ రెండు వాక్యాలు.

"ఎవరైనా చెప్పారా నీకు?"

"లేదు మేడం. ఒట్టు."

చెప్పక తప్పలేదు. "ఆ చెల్లెలు నేనేనమ్మా" అన్నాను.

భార్గవి నోటుబుక్కు మూసింది. "మరి పాపం అని రాస్తే కొట్టేశారే" అంది నెమ్మదిగా.

ఆదివారం మా ఊరెళ్ళాను. ఎదురింటి నాగమ్మ పిన్ని మిరపకాయల తొడిమలు తీస్తూ అరుగు మీద ఉంది. అక్క వెళ్ళిన రోజు గుర్తుందా అని అడిగాను.

"ఎందుకు గుర్తులేదమ్మా. గేటు పట్టుకుని నిలబడింది పద్మ. మీ ఇంట్లోకే చూస్తా ఉంది. ఏదో మరిచిపోయిందిలే అనుకున్నా."

"అప్పుడెవరికీ చెప్పలేదేం పిన్నీ?"

"నన్నెవరడిగారు?"

చెప్పులు చూశావా అంటే, చూళ్ళేదంది. భార్గవి అనే అమ్మాయి ఎవరైనా వచ్చిందా అంటే, ఈ సంగతి అడగటానికి వచ్చింది నువ్వొక్కదానివేనంది.

మర్నాడు స్టేషనుకు వెళ్ళి, చెప్పుల విషయంలో అప్పట్లో అబద్ధం చెప్పానని రాసిచ్చాను. ఎస్సైగారు మర్యాదగానే తీసుకున్నారు. పాత ఫైలు వెతకాలన్నారు. ఇంతవరకు ఏమీ తెలియలేదు. నేను నిజం చెప్పి ఉంటే అప్పుడే దొరికేదా అని అడిగితే, ఆయన నా కాగితం మీద తేదీ వేసి సొరుగులో పెట్టుకున్నారు.

వ్యాసం వెలువడింది. ఆ రెండు వాక్యాలూ అందులో లేవు. నా జ్ఞాపకం, పిన్ని మాట విజ్ఞాన సర్వస్వం నియమాల ప్రకారం మూలాలు కావు. తీసేయమని నేనే చెప్పాను. భార్గవి అబద్ధమాడే పిల్ల కాదు. ఆడినా, నాకే తెలియనిది తనకెలా తెలుస్తుంది?

ఆ ఆదివారం లేచి వచ్చేస్తూ పిన్నిని ఇంకొక్క మాట అడిగాను, అక్క అలా ఎంతసేపు నిలబడిందని.

పిన్ని తొడిమలు తీయడం ఆపింది. "అప్పుడు నేను బియ్యం ఏరుకుంటన్నానమ్మా" అంది. "చేటలో సగం అయ్యేదాకా ఉంది."