ఆవుకు పోసిన చెనక్కాయ నూనె

తొంభైల చివర్లో, మదనపల్లెలో ఇంటర్ బైపీసీ చదివే రోజుల్లో, మా ఇంట్లో నాకంటే తెలివైనవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. సెలవులకు పుంగనూరు దగ్గరి మా ఊరికి వచ్చేసరికి ఇంట్లో ఆవు గొడవ నడుస్తోంది. మా సంకరజాతి ఆవు బిందెడు పాలిచ్చేది గానీ, పాలకేంద్రంలో ఫ్యాట్, అదే వెన్న శాతం, మాత్రం లేచేది కాదు. చిక్కటి పాలిచ్చే పొట్టి ఆవులకు పేరుపడ్డ పుంగనూరు సీమలో నీళ్లపాలు పోయడం నాయనకు తలవంపులు.

"వచ్చే సంతకు తోలేస్తా. దీని బదులు ఎనుమును తెస్తా," అనేశాడు. గేదె పాలకు ఫ్యాట్ బాగా లేస్తుంది మరి.

పెయ్యగా ఉన్నప్పటినుంచి ఆ ఆవును సాకింది అమ్మే. కొట్టంలోకి పోయి దాని గంగడోలు నిమురుతూ నిలబడింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఉపాయమూ వచ్చింది.

"అమ్మా, పాలల్లో కొవ్వు రావాలంటే తిండిలో కొవ్వు పడాల. నూనె పోద్దాం!"

ఇంట్లో నూనెకు కరువా? పండిన చెనక్కాయలు మిల్లుకు తోలి, ఏడాదికి సరిపడా నూనె డబ్బాల్లో తెచ్చుకునే ఇల్లు మాది. మరుసటి పొద్దున నాయన చేనికి పోగానే తవుడు కుడితిలో సోలెడు నూనె కలిపాం. ఆవు గటగటా తాగేసింది. నేనైతే గాల్లో తేలిపోయాను.

నాలుగో రోజు నాయన పాలకేంద్రం నుంచి మొహం వేలాడేసుకొని వచ్చాడు. ఫ్యాట్ ఇంకా దిగింది! సాల్లేదేమోనని రెండింతలు పెంచి సోలను తవ్వ చేశాం. ఇంకా దిగింది. డబ్బా మాత్రం మేమనుకున్నదానికంటే వేగంగా ఖాళీ అవుతోంది. చలికాలంలో రాయిలా గట్టిపడాల్సిన వెన్న అమ్మ వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. కాచిన నెయ్యి పూస కట్టలేదు.

"ఇది నెయ్యి గాదు, నీ సదువు కరిగినట్టుండాది," అంది అమ్మ.

వేడి రాగిసంగటి మీద ఆ వెన్న పరుగులు పెడుతుంటే పొట్ట పట్టుకొని నవ్వుకుంటూ తిన్నాం.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. పేడ పల్చబడి, ఆవు ఎండుగడ్డి ముట్టడం మానేసింది. నాయన భయపడిపోయి, కుప్పం నుంచి బదిలీ మీద వచ్చిన పశువుల డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన కుడితి తొట్టిలో వేలు ముంచి వాసన చూశాడు.

"ఏమ్మా, ఆవుకు పోపు పెడతాండారా?"

తర్వాత ఓపిగ్గా చెప్పాడు. "గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు దీని కడుపులో కోట్లు ఉంటాయి. వెన్న వచ్చేదే వాటి పుణ్యాన. ఇంత నూనె పోస్తే అవి పనిచెయ్యవు, పాలల్లో కొవ్వు తగ్గిపోతాది. ఉండే కొవ్వుకూ నూనె గుణం పట్టి వెన్న మెత్తబడతాది. గడ్డి పెట్టండమ్మా, గడ్డి!"

నా బైపీసీ తల నేలకు దిగింది.

"దినానికి ఎంత పోసినారు?"

"పొద్దన తవ్వెడప్పా," అంది అమ్మ, నాయన వైపు చూడకుండా.

"తవ్వెడుకే ఇంతగా కాదే!" అన్నాడు డాక్టరు.

నాయన తలగుడ్డ విప్పి దులిపాడు. మళ్లీ చుట్టుకున్నాడు. "సాయంత్రం నేనొక తవ్వెడు పోస్తాండా," అన్నాడు మెల్లగా.

అమ్మ నోరు తెరిచింది. "అమ్మేస్తానన్నోడివి, నువ్వు యాల పోస్తివయ్యా?"

"ఫ్యాట్ లేస్తే అమ్మే పనుండదు గదా అని."

డాక్టరు నవ్వాడు, అమ్మ నవ్వింది, నేను నవ్వు ఆపుకోలేక తొట్టి పక్కనే కూలబడ్డాను. అంత సంతోషం నాకు ఏ పరీక్ష పాసైనా రాలేదు.

నూనె మానేశాక ఫ్యాట్ పాత చోటికే వచ్చి ఆగింది. ఒక్క పాయింటు కూడా పైకి పోలేదు. ఆవును తోలతానన్న సంత రోజున నాయన పొద్దున్నే పలుపుతాడు భుజాన వేసుకొని బయల్దేరాడు. పొద్దెక్కేసరికి ఆ పలుపుతోనే పచ్చగడ్డి మోపు కట్టుకొచ్చి దాని ముందర వేశాడు.