దీవి మీద ఫిరంగి

నా చిన్నప్పుడు ఏటా ఎండలు ముదిరే రోజుల్లో మా తాతయ్య ఒకసారి సామర్లకోట పక్కనున్న పల్లెకు తప్పకుండా వెళ్లొచ్చేవారు. ఆయన మా నాన్నకు తాత. అప్పటికే ఎనభై దాటాయి. యుద్ధంలో పోయిన ఆయన స్నేహితుడి తిథి అది. ఆ స్నేహితుడి చెల్లెలు ఒక్కతే అక్కడ మిగిలి ఉంది.

నేను అయిదో తరగతిలో ఉన్న ఏడు నన్నూ వెంట పంపారు. ఒంటిపూట బడి కాగానే బస్సెక్కాం. మన ప్రాంతపు చరిత్ర పెద్దల్ని అడిగి రాసుకురమ్మని సోషల్ టీచరు చెప్పడంతో, తాతయ్య నోట ఎన్నోసార్లు విన్న కథే నోట్సులో రాసుకున్నాను. కాకినాడ రేవుకు ఎదురుగా సముద్రంలో ఇసుక దీవి ఉంది. అలల విసురు దానికే తగిలి ఆగిపోతుంది కనుక దాని చాటున ఓడలు నిశ్చింతగా నిలుస్తాయి. జపాను విమానాలు వస్తాయన్న భయంతో ఆ దీవి మీద ఇసుక బస్తాలు పేర్చి, ఫిరంగులు పెట్టి, మనుషుల్ని కాపలా ఉంచారు. వాళ్లలో తాతయ్యా ఆయన స్నేహితుడూ ఉన్నారు. విమానం వచ్చిన రోజు స్నేహితుడు ఫిరంగి పేల్చి దాన్ని వెనక్కి మళ్లించాడు, తాను పోయాడు. ఇదీ కథ. ఇక ఫిరంగి బొమ్మ గీయడమే మిగిలింది.

"తాతయ్యా, గుండు ముందు నుంచి పెట్టేవారా, వెనక నుంచా?" అని అడిగాను.

ఆయన బస్సు కిటికీలోంచి బయటికి చూశారు. "ఎటు నుంచీ పెట్టలేదమ్మా. అవి తాడి మొద్దులు," అన్నారు.

అసలు ఫిరంగులు ఇంకా రాలేదట. వచ్చేదాకా తాడి మొద్దులకు పడవలకు పూసే తారు పూసి, బండి చక్రాల మీదికెక్కించి, సముద్రం వైపు తిప్పి పెట్టారట. పైనుంచి చూసేవాడు నమ్మాలంటే పక్కన మనుషులు నిలబడాలి. పరిగెత్తితే ఉత్త మొద్దని తెలిసిపోతుంది. దీవిలో మంచినీళ్లు లేవు. ఆ ఉదయం పడవలో వెళ్లి నీళ్లు తేవడం స్నేహితుడి వంతు. ఒంట్లో నలతగా ఉందంటే తాతయ్య వెళ్లారు. తిరిగి వచ్చేసరికి స్నేహితుడు నిలబడ్డ చోట బాంబు పడిన గొయ్యి ఉంది.

"వాడు కదల్లేదని మిగతావాళ్లు చెప్పారు. వాళ్లమ్మ దగ్గరికెళ్లి, నీ కొడుకు మొద్దుకి కాపలా కాసి పోయాడని ఎలా చెప్పను? పేల్చాడన్నాను. అదే నిలిచిపోయింది. నువ్వక్కడ నోరు జారకు."

నేను నోరు జారే పిల్లను కాదు, అసలు విప్పేదాన్నే కాదు. కానీ వాళ్లింట్లో అడుగుపెట్టగానే ఆ స్నేహితుడి చెల్లెలైన మామ్మగారు నా చేతిలో నోట్సు చూశారు.

"ఏంటండీ బుల్లెమ్మగారూ, బడిని కూడా మోసుకొచ్చేశారా?" అని నవ్వారు. అందులో వాళ్లన్నయ్య సంగతి ఉందని తెలిశాక చదవమన్నారు. తాతయ్య ఏదో అనబోతే, "నువ్వుండన్నయ్యా! ఏటా నువ్వే చెబుతావు. ఈసారి పిల్ల నోట విననీ," అన్నారు.

ఫిరంగి దగ్గరికొచ్చేసరికి ఒక్కసారి తాతయ్య వైపు చూశాను. ఆయన తాగుతున్న మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు. తలెత్తకుండా, రాసింది రాసినట్టు చదివేశాను. మామ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తాతయ్య ముఖం కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్లగానే ఆవిడ నా పక్కకు జరిగారు.

"ఆ తాడిచెట్లు మా చేలోవేనే. మా అన్నయ్యే దగ్గరుండి కొట్టించాడు. వీటితో ఫిరంగులు చేస్తామే అని నాతో చెప్పి ఒకటే నవ్వు. మా అమ్మకీ తెలుసు."

"మరి..." అన్నాను.

"మరేంటి? తెలుసంటే మీ తాత మళ్లీ ఈ గుమ్మం తొక్కుతాడా? ఆవేళ నీళ్లకి తను వెళ్లాడని ఇప్పటికీ కుమిలిపోతాడు. చెప్పుకోనీ. మా అన్నయ్యని తలుచుకునేవాళ్లు నాకింకెవరున్నారు? నువ్వు చెప్పకే."

తిరుగు ప్రయాణంలో తాతయ్య "బాగా చదివావు" అని నా తల నిమిరి, నా భుజం మీదికి వాలి నిద్రపోయారు. చెప్పేస్తే ఆయన బరువు దిగుతుందేమో అనిపించింది. ఆవిడ ఇంటికి ఇక ఎవరూ రారేమో అని కూడా అనిపించింది. ఊరొచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

ఆ తర్వాత మరో రెండేళ్లే ఆయన వెళ్లగలిగారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ రోజు నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఎవరైనా నాకు తెలిసిన సంగతే చెబుతుంటే మాత్రం మధ్యలో "తెలుసు" అనలేను. చివరిదాకా వింటాను.